టీవీ కేబుల్ మీద ఇంట్లో నెట్ నడుపుతున్నాం. బాగుందో లేదో దేన్ని చూసి చెప్పాలి?

ప్లేనో పంతులమ్మ – ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది టెక్సస్‌లో ప్లేనో. 2002లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ కనెక్షన్ ఒక గిగాబిట్‌ది. ఫైబర్ పెట్టె, రౌటర్ కింద హాల్లో ఉన్నాయి. నా ఆఫీసు గది పైన, ఇంటికి ఆ చివర. అక్కడికి వైఫై నీరసంగా వస్తుంది. ఈథర్‌నెట్ వైరు లాగిద్దామంటే జులైలో ఆటిక్‌లోకి మనిషిని పంపడానికి మనసొప్పలేదు. పైగా మా గోడలో అడ్డంగా చెక్క దిమ్మె ఉంది, బెజ్జం వేయాలంటే పెద్ద పని అన్నారు.

అయితే ప్రతి గదిలోనూ పాత టీవీ కేబుల్ (కోయాక్స్) పాయింటు ఉంది. ఈ దేశంలో ఆ కాలపు ఇళ్లలో చాలావాటికి అంతే కదా. అందుకని టీవీ కేబుల్ మీద నెట్ నడిపే డబ్బాలు, మోకా అడాప్టర్లు, మూడు కొన్నాను, 2.5 రకం. ఒకటి హాల్లో రౌటర్ దగ్గర, ఒకటి పైన టీవీ గదిలో, ఒకటి నా ఆఫీసులో. కేబుళ్లన్నీ మా పడకగది అల్మరాలో ఉన్న తెల్ల రేకు పెట్టెలోకి వచ్చి, ఒక కేబుల్‌ను పలు దారులుగా చీల్చే ఎనిమిది దారుల స్ప్లిటర్‌లో కలుస్తాయి. పెట్టగానే పచ్చ లైట్లు వెలిగాయి. మా వారు "అయిపోయింది" అన్నారు.

అయిపోలేదు. వారం రోజులు పని మీద ఉంటాను, ఏ ఇబ్బందీ తెలియదు. శనివారం పొద్దున పది గంటలకు పద్నాలుగు మంది పిల్లలకు తెలుగు పాఠం చెబుతాను. అప్పుడే ఆగిపోతుంది. మొన్న 'క్ష' గుణింతం చెబుతున్నాను. 'క్షి' దగ్గర నా బొమ్మ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయిందట. మళ్లీ వచ్చేసరికి 'క్షో' దగ్గర ఉన్నాను. ఏడేళ్ల పిల్ల "టీచర్, మధ్యలోవి నాకు రాలేదు" అని ఏడుపు మొహం పెట్టింది. వాళ్లకు తెలుగు వినబడేది వారానికి ఆ గంటే. అందులో ఐదు నిమిషాలు పోయినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పైన ల్యాప్‌టాప్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే ఒకసారి 310 మెగాబిట్లు అంటుంది, ఒకసారి 290. ఫోన్‌తో పెడితే 180. కింద కంప్యూటర్‌లో పెడితే 900 పైన. అడాప్టర్ డబ్బా మీద 2,500 అని రాసి ఉంది.

నా ప్రశ్న ఒక్కటే. కోయాక్స్ మీద నడిచే నెట్‌వర్క్ బాగా పనిచేస్తోందని దేన్ని చూసి తేల్చుకోవాలి? ఏ అంకె నమ్మాలి? అడాప్టర్లు వెనక్కి ఇచ్చేయడానికి ఇంకా పదకొండు రోజులు గడువుంది.

---

గుంటూరు కారం ప్రియుడు – ఆదివారం, రాత్రి 10:15

310 చాలా ఎక్కువండీ. వీడియో క్లాసుకు నాలుగైదు మెగాబిట్లు చాలు. మీ సమస్య నెట్‌లో కాదు, ఆ వీడియో యాప్‌లో ఉండొచ్చు. అవి వెనక్కిచ్చేసి మంచి మెష్ వైఫై తీసుకోండి. మా ఇంట్లో మూడు డబ్బాలు పెట్టాం, మళ్లీ చూసుకోలేదు.

---

దిల్‌సుఖ్‌నగర్ కేబుల్ – ఆదివారం, రాత్రి 11:30

పంతులమ్మ గారూ, పైన తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం. క్లాసుకు నాలుగైదు మెగాబిట్లు చాలు. అలాంటప్పుడు 310 ఉన్నచోట బొమ్మ ఆగకూడదు. ఆగుతోందంటే తప్పు వేగంలో లేదు, నిలకడలో ఉంది. స్పీడ్ టెస్ట్ మీకు నిలకడ సంగతి చెప్పదు.

నేను న్యూజెర్సీ వచ్చి పదిహేనేళ్లయింది. అంతకుముందు హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు కేబుల్ టీవీ లైన్ల మీద పనిచేశాను. స్తంభం నుంచి స్తంభానికి యాంప్లిఫయర్లు, ట్యాపులు, ఇంటింటికీ కనెక్షన్లు. బొమ్మలో చుక్కలు పడుతున్నాయని ఫోన్ వస్తే పదింట ఎనిమిదిసార్లు కనెక్టర్ దగ్గరే దొరికేది. ఆ అలవాటుతో చెబుతున్నాను, కాస్త పొడుగవుతుంది.

ముందు మీరు కొలిచింది ఏమిటో చూద్దాం. పై గదిలో స్పీడ్ టెస్ట్ పెట్టినప్పుడు ఆ అంకెలో ఎన్ని కలిశాయి? మీ ల్యాప్‌టాప్, దానికి తగిలించిన ఈథర్‌నెట్ డాంగిల్, ఆఫీసు అడాప్టర్, గోడలో కేబుల్, స్ప్లిటర్, హాల్ అడాప్టర్, రౌటర్, ఫైబర్, ఆ టెస్ట్ సర్వర్. తొమ్మిది మంది కలిసి చేసిన పనికి ఒక్క మార్కు వేశారు. ఫోన్‌తో పెట్టినది వైఫై కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. మనకు కావలసింది మధ్యలో ఉన్న కోయాక్స్ ఒక్కటే.

అందుకని ముందు కొలబద్దను కొలవండి. అదే ల్యాప్‌టాప్, అదే డాంగిల్, అదే వైరు హాల్లోకి తెచ్చి నేరుగా రౌటర్‌కు తగిలించండి. ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉంటే దాన్ని కూడా వైరుతో రౌటర్‌కు తగిలించి, రెండింటిలో ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం పెట్టండి. ఒకటి సర్వర్, ఒకటి క్లయింట్. ఇంటర్నెట్‌తో పని లేదు, ఇంట్లోనే ఒకరి నుంచి ఒకరికి డేటా తోస్తుంది. గిగాబిట్ పోర్టుల మధ్య 940 దాకా రావాలి, అంతకు మించి రాదు, మిగతాది హెడర్లు అనే చిరునామా చీటీల కింద పోతుంది. 300 దగ్గర ఆగితే మీ డాంగిల్‌నో, దాని వెనకున్న యూఎస్‌బీ హబ్‌నో అనుమానించండి. యూఎస్‌బీ 2.0 హబ్ గుండా వెళితే అంతే వస్తుంది. కచ్చితంగా 94 వస్తే అది వేరే జబ్బు. ఈథర్‌నెట్ వైరులో ఒక జత తెగి, పోర్టు 100కి దిగిపోయిందన్నమాట.

కొలబద్ద సరిగ్గా ఉందని తేలాక పై గదికి తీసుకెళ్లండి. టెస్ట్ పది సెకన్లు కాదు, ఒక నిమిషం నడపండి. నాలుగు స్ట్రీములతో, అంటే ఒకేసారి నాలుగు డేటా ధారలతో, పెట్టండి. ఒకసారి మామూలుగా, ఒకసారి మైనస్ ఆర్ ఆప్షన్‌తో తిరగేసి. రెండు దిక్కులూ విడివిడిగా కావాలి, ఎందుకంటే క్లాసులో మీ గొంతు పోయేది అప్‌లోడ్ దిక్కున. తర్వాత రెండు దిక్కులూ ఒకేసారి.

ఒకేసారి ఎందుకంటే, డబ్బా మీద రాసిన 2,500 అనేది ఒక్కో గదికి కాదు, ఇల్లంతటికీ కలిపి. మోకాలో కేబుల్ ఒక్కటే, అందరూ వంతుల వారీగా మాట్లాడాలి. ఒక్క వరస వంతెన మీద ఈ వైపు కాసేపు, ఆ వైపు కాసేపు బళ్లు వదిలినట్టు. అడాప్టర్లలో ఒకటి కానిస్టేబుల్ పని చేస్తుంది, దాన్ని నెట్‌వర్క్ కోఆర్డినేటర్ అంటారు. మీ వంతు వచ్చేదాకా ఆగాలి కాబట్టి పింగ్, అంటే చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, మూడు, నాలుగు మిల్లీసెకన్లు ఉంటుంది. ఈథర్‌నెట్ వైరులో ఒకటి కన్నా తక్కువే. ఆ మూడు నాలుగు చూసి కంగారు పడకండి, అది మోకా స్వభావం.

ఇక అసలు అంకె. అడాప్టర్‌కు ఒక వెబ్ పేజీ ఉంటుంది, బ్రౌజర్‌లో దాని ఐపీ అడ్రసు కొడితే తెరుచుకుంటుంది. అందులో ఫై రేట్ అని ఒక పట్టిక, అడాప్టర్లు కేబుల్ మీద తమలో తాము మాట్లాడుకునే ముడి వేగం. ఎవరి నుంచి ఎవరికి ఎంత అని గళ్లలో ఉంటుంది. 2.5 రకానికి అన్నీ బాగుంటే 3,400, 3,500 ప్రాంతంలో కనబడుతుంది. అందులో సుమారు 70 శాతం మీకు డేటాగా చేతికొస్తుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, మీ అడాప్టర్ ఈథర్‌నెట్ పోర్టు గిగాబిట్‌దైతే ఫై రేట్ 3,400 ఉన్నా 940 వస్తుంది, 1,500కి పడిపోయినా 940 వస్తుంది. పోర్టు ఆ తేడాను దాచేస్తుంది. పట్టిక దాచదు.

చివరిది, మీ క్లాసుకు అన్నిటికన్నా ముఖ్యమైనది. పై గది నుంచి రౌటర్‌కు పింగ్ పెట్టి పది నిమిషాలు వదిలేయండి. సగటు చూడకండి. గరిష్ఠం ఎంత, ఎన్ని పోయాయి, అది చూడండి.

ఆ ఎనిమిది దారుల స్ప్లిటర్ మీద నాకు అనుమానంగా ఉంది. దాని మీద ఏ ఫ్రీక్వెన్సీ దాకా పనిచేస్తుందని అచ్చేసి ఉందో చెప్పండి. పాతవి 5 నుంచి 1,000 మెగాహెర్ట్జ్ దాకా రాసి ఉంటాయి. మోకా నడిచేది 1,125 నుంచి 1,675 మధ్య. పైగా ఎనిమిది దారులదంటే ఒక్కో దారికి వచ్చేసరికి సిగ్నల్ 11 డీబీ (డెసిబెల్) దాకా పోతుంది. మూడు డీబీ పోతే సగం, పది పోతే పదో వంతు మిగిలినట్టు.

---

ప్లేనో పంతులమ్మ – సోమవారం, రాత్రి 10:05

అన్నయ్య గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఒకసారి, ఇవాళ సాయంత్రం ఒకసారి చేశాను. మా అబ్బాయి కింద కంప్యూటర్ దగ్గర కూర్చున్నాడు, నేను పైనుంచి కేక వేస్తే వాడు మొదలుపెట్టేవాడు.

మొదట కొలబద్ద. మీరన్నది నిజమే. నా ల్యాప్‌టాప్‌ను పాత హబ్ గుండా తగిలించాను, హాల్లో రౌటర్ దగ్గర కూడా 318 దాటలేదు. హబ్ తీసేసి డాంగిల్‌ను నేరుగా పెడితే 941. అంటే వారం నుంచి నేను చూసిన 310, 290 కేబుల్‌వి కానే కావు! ఆ అంకె పట్టుకునే అడాప్టర్లు వెనక్కి పంపేద్దామనుకున్నాను.

తర్వాత పైన టీవీ గది. హాల్ నుంచి టీవీ గదికి 938, తిరగేస్తే 936. రెండు దిక్కులూ ఒకేసారి పెట్టినా ఏ దిక్కూ 900కి తగ్గలేదు.

నా ఆఫీసు గది. హాల్ నుంచి నాకు 612. నా నుంచి హాల్‌కు 487. ఒకేసారి పెడితే 330, 265. రెండూ కలిపితే మళ్లీ 600 దగ్గరే తేలింది. వంతెన సంగతి అప్పుడు అర్థమైంది.

ఫై రేట్ పట్టిక: హాల్, టీవీ గది మధ్య 3,412, ఇటు 3,388. హాల్, ఆఫీసు మధ్య 884, ఇటు 702. టీవీ గది, ఆఫీసు మధ్య 910, ఇటు 745.

పింగ్: పది నిమిషాల్లో 600 పంపితే 593 వచ్చాయి, 7 పోయాయి. మామూలుగా 3 లేదా 4. గరిష్ఠం 214.

స్ప్లిటర్ మీద 5–1,000 మెగాహెర్ట్జ్ అనే ఉంది. మూడు దారులకే కేబుళ్లు ఉన్నాయి, మిగతా ఐదూ బోడిగా ఉన్నాయి. ఇన్‌పుట్‌కు వచ్చే కేబుల్ ఇంటి పక్క గోడ మీది బూడిద రంగు పెట్టెలోకి పోతోంది, పాత కేబుల్ టీవీదట. మాకు ఇప్పుడు ఆ కనెక్షన్ లేదు.

కొత్త స్ప్లిటర్ ఆర్డర్ పెట్టేయనా?

---

దిల్‌సుఖ్‌నగర్ కేబుల్ – సోమవారం, రాత్రి 11:10

ఆగండమ్మా. మీ పట్టిక చూశాక నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను. స్ప్లిటర్ కాదు.

మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. హాల్, టీవీ గది మధ్య 3,400. ఆ రెండూ కూడా అదే పాత స్ప్లిటర్ గుండానే మాట్లాడుకుంటున్నాయి. స్ప్లిటరే దోషి అయితే అవీ పడిపోవాలి. పడిపోయిన రెండు లింకుల్లోనూ ఉన్నది మీ ఆఫీసు ఒక్కటే. అంటే తప్పు అల్మరా పెట్టె నుంచి మీ బల్ల దాకా ఉన్న ఆ ఒక్క దారిలో ఉంది. ఇద్దరే ఉంటే ఎవరిది తప్పో తేలదు, మూడో మనిషి ఉంటే తేలిపోతుంది. మీరు మూడు అడాప్టర్లు కొనడం మంచిదైంది.

అలాగని స్ప్లిటర్ ఉండనివ్వమని కాదు. దాన్ని తర్వాత మారుద్దాం. ఒకేసారి రెండు మారిస్తే ఏది మార్చినందుకు బాగుపడిందో మీకు ఎప్పటికీ తెలియదు. లైన్ల మీద కుర్రాళ్లకు నేను మొదటిరోజు నేర్పించింది అదే.

ఇప్పుడు ఈ వరసలో చేయండి. ఆఫీసు అడాప్టర్‌ను టీవీ గదికి, టీవీ గదిది ఆఫీసుకు మార్చండి. తక్కువ అంకె అడాప్టర్‌తో పాటు నడిచొస్తే అడాప్టర్ పాడైనట్టు, వెనక్కి పంపండి. ఆఫీసు గోడ దగ్గరే ఉండిపోతే కేబుల్. కేబుల్ అయితే గోడ మీది ప్లేటు విప్పి లోపల చూడండి. కనెక్టర్ పట్టుకుని మెల్లగా తిప్పండి. కేబుల్ తిరగకుండా కనెక్టర్ ఒక్కటే తిరిగిందంటే పట్టు పోయినట్టే. మధ్యలో రాగి తీగ కనెక్టర్ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి కనబడాలి. లోపలికి కూరుకుపోయి ఉంటే అది ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు.

ఆ 7 పోయిన పింగులే నాకు పెద్ద గుర్తు. కేబుల్ పొడుగై సిగ్నల్ తగ్గితే అంకె తక్కువ వస్తుంది కానీ నిలకడగా తక్కువ వస్తుంది. మధ్య మధ్యలో తెగుతోందంటే ఏదో కదులుతోంది. మీరు పింగ్ నడుపుతూ గదిలో మామూలుగా తిరగండి, కుర్చీ జరపండి, బల్ల తట్టండి.

---

మియాపూర్ మిద్దె – మంగళవారం, ఉదయం 7:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది హైదరాబాద్, అపార్ట్‌మెంట్. టెర్రస్ మీది డిష్ నుంచి రెండు గదులకు కోయాక్స్ కేబుల్ ఉంది. దాని మీద ఇలాగే నెట్ నడపొచ్చా?

---

దిల్‌సుఖ్‌నగర్ కేబుల్ – మంగళవారం, ఉదయం 9:00

డిష్ నడుస్తుండగా వద్దు సార్. డిష్ నుంచి బాక్స్‌కు సిగ్నల్ వచ్చేది 950 నుంచి 2,150 మెగాహెర్ట్జ్ మధ్య. మోకా కూడా సరిగ్గా ఆ మధ్యలోనే కూర్చుంటుంది, రెండూ కొట్టుకుంటాయి. పైగా బాక్స్ నుంచి డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి అదే కేబుల్‌లో 13 లేదా 18 వోల్టుల కరెంటు వెళుతుంది. ఆ కేబుల్‌కు అడాప్టర్ తగిలిస్తే పోయే ప్రమాదం ఉంది. డిష్ మానేసి, ఆ కేబుల్‌ను రెండు చివరలా విప్పేస్తే అప్పుడు మోకాకు పనికొస్తుంది. కానీ మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కేబుల్ గోడలోని పైపు గుండా పోతుంది కదా, అదే పైపులో ఆ పాత కేబుల్ చివరకు కట్టి క్యాట్ 6 ఈథర్‌నెట్ వైరు లాగించేయండి. ఖర్చూ తక్కువ, పనీ శాశ్వతం. ఇక్కడ అమెరికాలో కేబుల్‌ను చాలాచోట్ల చెక్క ఫ్రేములకు మేకులు కొట్టి బిగించేస్తారు, లాగితే రాదు. ఆ గతి లేకనే మేం మోకా దాకా వచ్చాం.

---

ఎడిసన్ ఎదురిల్లు – మంగళవారం, రాత్రి 8:30

మాది కేబుల్ కంపెనీ ఇంటర్నెట్టే. మోడెం కూడా అదే కేబుల్ మీద ఉంది. పంతులమ్మ గారి లెక్క మాకూ వర్తిస్తుందా?

---

దిల్‌సుఖ్‌నగర్ కేబుల్ – మంగళవారం, రాత్రి 9:15

కొలిచే పద్ధతి అదే. కానీ మీరు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకటి, బయటి నుంచి కేబుల్ ఇంట్లోకి వచ్చి మొదటి స్ప్లిటర్‌ను తాకే చోట పీఓఈ ఫిల్టర్ బిగించండి. పాయింట్ ఆఫ్ ఎంట్రీ అని దాని పేరు, ఈథర్‌నెట్‌లో కరెంటు పంపే పీఓఈకి దీనికి సంబంధం లేదు. వేలంత ఉంటుంది. అది లేకపోతే మీ ఇంటి డేటా వీధి లైన్లోకి పోతుంది, పక్కింటి మోకా మీ ఇంట్లోకి రావచ్చు. అది ఉంటే మోకా సిగ్నల్ దాన్ని తాకి తిరిగి ఇంట్లోకే వస్తుంది, ఫై రేట్ కాస్త పెరుగుతుంది కూడా. రెండు, డాక్సిస్ 3.1 అనే కేబుల్ ఇంటర్నెట్ పద్ధతి మోడెం 1,218 మెగాహెర్ట్జ్ దాకా వినగలదు, మోకా 1,125 దగ్గర మొదలవుతుంది. కొన్ని మోడెంలు దీనికి తికమకపడతాయి. మోడెం వెనక కూడా ఒక ఫిల్టర్ పెడితే ఆ గొడవ ఉండదు.

దారిలో సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ ఉంటే అది మోకాకు పనికొచ్చే రకమా కాదా చూసుకోండి. పాతవి మోకాను దాటనివ్వవు.

---

ప్లేనో పంతులమ్మ – శనివారం, మధ్యాహ్నం 12:20

అన్నయ్య గారూ, దొరికింది.

మంగళవారం అడాప్టర్లు మార్చి చూశాను. తక్కువ అంకె ఆఫీసు గోడను వదల్లేదు, 890 దగ్గరే ఉంది. అడాప్టర్ మంచిదే.

బుధవారం పింగ్ నడుపుతూ మీరు చెప్పినట్టు గదిలో తిరిగాను. కుర్చీ జరిపాను, ఏమీ లేదు. బల్ల తట్టాను, ఏమీ లేదు. గోడవారగా ఒక సొరుగుల బీరువా ఉంది, పై సొరుగు లాగాను. తెర మీద 3, 4, 3 అని పోతున్నది ఆగి 'రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్' వచ్చింది. మూసి మళ్లీ లాగాను. మళ్లీ వచ్చింది. నాలుగోసారికి మా అబ్బాయిని పిలిచి చూపించాను. సొరుగు తెరిస్తే బీరువా కదిలి, దానికీ గోడకూ మధ్య ఉన్న కేబుల్‌ను నొక్కుతోంది.

ఆ సొరుగులో ఉండేవి పిల్లల కాపీ పుస్తకాలు, అక్షరాల అట్టలు. వారమంతా దాన్ని ముట్టుకోను. శనివారం పది గంటలకు మొదలుపెట్టి గంటలో ఏ పదిసార్లో తెరుస్తాను. 'క్ష' అట్ట తీసింది కూడా అందులోంచే. యాప్‌ను, పిల్లల ఇళ్లలోని నెట్‌ను, అందరినీ అనుమానించాను.

గురువారం ప్లేటు విప్పాను. లోపల ఇంకొక స్ప్లిటర్ ఉంది! రెండు దారులది, వేలెడంత, మీద 5–900 మెగాహెర్ట్జ్ అని సగం చెరిగిన అక్షరాలు. ముందున్న వాళ్లెవరో పక్కన ఇంకో టీవీ కోసం పెట్టుకున్నట్టున్నారు. రెండో మూతి ఊరికే తెరిచి ఉంది, సున్నం పొడి పట్టి. ఆ స్ప్లిటర్‌కు బిగించిన కేబుల్ కనెక్టర్ వేళ్లతో పట్టుకుంటే గుండ్రంగా తిరిగింది. రాగి తీగ కొస కంటికి ఆనలేదు, టార్చి వేసి చూస్తే లోపల ఎక్కడో మెరిసింది. మీరు రాసింది చదువుతూ చూస్తుంటే ఒళ్లు జలదరించింది.

స్ప్లిటర్ తీసేశాను. కంప్రెషన్ కనెక్టర్ల కిట్టు తెచ్చుకున్నాను. మొదటి రెండు కనెక్టర్లు వంకరగా పోయాయి, మూడోది బాగా పడింది. కేబుల్ మీద ఆర్‌జీ 6 అని రకం రాసి ఉంది. మధ్యలో రెండు కేబుళ్లను కలిపే 3 గిగాహెర్ట్జ్ కప్లర్ పెట్టి ప్లేటు మూశాను. బీరువాను గోడకు జానెడు దూరం జరిపాను. వేరే ఏదీ మార్చలేదు, మీరు అన్నట్టే.

ఇప్పుడు ఆఫీసు ఫై రేట్ 3,361, ఇటు 3,340. ఐపెర్ఫ్ 939, తిరగేస్తే 936. పింగ్ 600కు 600, గరిష్ఠం 6. సొరుగు తెరిచి మూస్తూ ఇంకో పది నిమిషాలు పెట్టాను. అదే.

నిన్న సాయంత్రం పెద్ద స్ప్లిటర్ కూడా మార్చాను, నాలుగు దారులది, 1,675 దాకా రాసి ఉన్నది. ఖాళీ మూతికి దాన్ని మూసే 75 ఓమ్ టెర్మినేటర్. బయటి పెట్టెకు పోయే కేబుల్ విప్పేసి ఇన్‌పుట్‌కు కూడా టెర్మినేటర్ పెట్టాను. పట్టికలో అంకెలు 60, 70 పెరిగాయి. ఐపెర్ఫ్‌లో ఏ తేడా లేదు. ముందు ఇది చేసి ఉంటే నలభై డాలర్లు పోయేవి, సొరుగు మాత్రం అలాగే నొక్కుతూ ఉండేది.

ఇవాళ పొద్దున క్లాసంతా పక్కన పింగ్ నడుస్తూనే ఉంది. 3,600 పంపింది, ఒక్కటీ పోలేదు. 'క్ష' మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ ఏడేళ్ల పిల్ల క్ష నుంచి క్షః దాకా నాతో పాటు ఆగకుండా చదివింది.